మింట్ ఎక్కించినా వైఫై పేరే కనిపిస్తలేదు, లైనక్స్‌కు కొత్తదాన్ని, ఎక్కడ చూడాలో చెప్పండి

సిద్దిపేట_ట్యూషన్

అందరికీ నమస్తే. నేను లైనక్స్‌కు పూర్తిగా కొత్త, వేసుకొని వారం రోజులే అయితున్నది. మా తమ్ముడు వాడి పక్కకు పెట్టిన లాప్‌టాప్ ఒకటి ఇంట్ల ఉండె, ఐ3, 4 జీబీ ర్యామ్, 2015ల కొన్నది. విండోస్ 10తోని చాలా స్లో అయిపోయింది, మీదికెళ్లి 2025 అక్టోబర్ 14తోని దానికి ఫ్రీ అప్‌డేట్లు కూడ ఆపేసిన్రు, విండోస్ 11 ఏమో ఈ మిషన్‌కు పట్టదని చూపెట్టింది. మంచిగున్న వస్తువును పడేసుడు ఎందుకని యూట్యూబ్ చూసుకుంట లైనక్స్ మింట్ 22 ఎక్స్ఎఫ్‌సీఈ పెన్‌డ్రైవ్‌ల పెట్టి నేనే ఎక్కించిన. విండోస్ మొత్తం తీసేసిన, ఇప్పుడు మింట్ ఒక్కటే ఉన్నది.

సౌండ్ వచ్చింది, టచ్‌ప్యాడ్ వచ్చింది, కెమెరా వచ్చింది, స్పీడ్ చూస్తే కొత్త లాప్‌టాప్ లెక్కనే ఉన్నది, మస్తు సంతోషమైంది. ఒక్క వైఫై మాత్రం లేదు. లేదు అంటే కనెక్ట్ అయితలేదని కాదు, కింద మూలకు నెట్‌వర్క్ గుర్తు మీద నొక్కితే వైఫై అన్న మాటే లేదు, పక్కింటోళ్ల పేర్లు కూడ రావు, లాప్‌టాప్‌ల వైఫై అనేదే లేనట్టు ఉన్నది. ఎఫ్‌ఎన్ బటన్ పట్టుకొని విమానం బొమ్మ ఉన్న బటన్ నొక్కిన, దాని మీది లైట్ నారింజ రంగులనే ఉంటది, తెల్లగ మారదు. విండోస్‌ల మారేది.

నేను చేసినవి కూడ చెప్తా. ఒక వీడియోల బీ43 అని ఏదో ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాల్ చెయ్యమన్నరు, ఫోన్‌కు కేబుల్ పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేసి అది ఎక్కించిన, ఏం మారలే. ఆ టెథరింగ్ కోసమే ఒక పూట పోయింది, మొదట పెట్టిన కేబుల్‌తోని ఛార్జింగే ఎక్కుతది డేటా పోదని నాకు తెల్వదు, తర్వాత మా ఆయన ఫోన్‌తోని వచ్చిన కేబుల్ పెడితే వెంటనే నెట్ వచ్చింది. తర్వాత డ్రైవర్ మేనేజర్‌ల ఒకటి కనపడితే దాన్ని టిక్ కొట్టి ఎక్కించిన, రీస్టార్ట్ చేసిన, మల్ల అదే పరిస్థితి.

దగ్గరున్న షాపాయనను అడిగితే లైనక్స్‌ల వైఫై రాదమ్మా, విండోసే ఎయ్యాలె, 600 అయితది అన్నడు. నిజంగ రాదా? నేను సాయంత్రం తొమ్మిది, పది తరగతి పిల్లలకు లెక్కలు చెప్తా, పన్నెండు మంది వస్తరు, ఫోన్ పట్టుకొని ఒక్కొక్కరికి చూపెట్టుడు అయితలేదు, అందుకే ఈ తిప్పలు. ఎవరన్న కొంచెం ఓపికతోని చెప్పండి. చదువుడు ఫోన్‌లనే చదువుతున్నా.

బెజవాడ_బైట్స్

అంత కష్టపడడం ఎందుకండీ, చిన్న యూఎస్‌బీ వైఫై డాంగిల్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి, పెట్టగానే వచ్చేస్తుంది. లోపల కార్డు సంగతి వదిలేయండి.

టెర్మినల్_బాబాయ్

అమ్మా, ముందు షాపతను అన్న మాటకి జవాబు. లైనక్స్‌లో వైఫై రాకపోవడం అనేదేమీ లేదు, నేను పదిహేనేళ్ల నుంచి వాడుతున్నాను, ఇది కూడా దాని మీదే టైప్ చేస్తున్నా. ఇంటెల్ కార్డులైతే దాదాపు అన్నీ పెట్టగానే వస్తాయి. కొన్ని చిప్‌లకి మాత్రం మనం చెయ్యి వెయ్యాలి. మీది ఆ రకం అయ్యుండొచ్చు, కానీ ఊహించి మందు వెయ్యకూడదు కదా, నాడి చూడాలి ముందు. డాంగిల్ కూడా ఇప్పుడే కొనకండి. డాంగిల్ లోపల ఉండేది కూడా ఒక చిప్పే, అదేంటో తెలియకుండా కొంటే ఇప్పుడు ఒక కార్డుతో ఉన్న ఇబ్బంది రేపు రెండిటితో అవుతుంది.

కొత్తగా వచ్చినవాళ్లు అందరూ చేసేది ఒకటే, లాప్‌టాప్ కంపెనీ పేరు, మోడల్ పెట్టి వెతుకుతారు. అదే మోడల్ పేరుతో కంపెనీ వాడు ఒక బ్యాచ్‌లో ఒక కార్డు, ఇంకో బ్యాచ్‌లో ఇంకో కార్డు పెట్టి అమ్ముతాడు. కాబట్టి ఎవరికో పనిచేసిన కమాండు మీకు పనిచెయ్యకపోవచ్చు, అందులో మీ తప్పు లేదు. కావాల్సింది చిప్ నంబరు.

మీరు ఫోన్‌లో చదివి లాప్‌టాప్‌లో కొడతారు కాబట్టి కమాండు అక్షరం అక్షరం చెప్తాను, అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాలే. టెర్మినల్ తెరవడానికి కంట్రోల్, ఆల్ట్, టీ మూడూ కలిపి నొక్కండి. అందులో ఎల్ ఎస్ పీ సీ ఐ, స్పేస్, మైనస్ గుర్తు, ఎన్ ఎన్ కె, ఎంటర్. చాలా లైన్లు వస్తాయి, కంగారుపడకండి, నెట్‌వర్క్ కంట్రోలర్ అని మొదలయ్యే లైను వెతకండి. ఈథర్నెట్ కంట్రోలర్ అని ఇంకోటి ఉంటుంది, అది కేబుల్‌ది, అది కాదు. నెట్‌వర్క్ కంట్రోలర్ లైను చివర్లో చదరపు బ్రాకెట్ల మధ్య నాలుగు, మధ్యలో రెండు చుక్కలు, మళ్లీ నాలుగు, ఇలా ఒక నంబరు ఉంటుంది. అదే ఆ కార్డు ఆధార్ నంబరు అనుకోండి. మొదటి నాలుగూ చిప్ ఎవరిదో చెప్తాయి, 8086 అయితే ఇంటెల్, 10ఈసీ అయితే రియల్‌టెక్, 14ఈ4 అయితే బ్రాడ్‌కామ్, 168సీ అయితే ఎథెరోస్, 14సీ3 అయితే మీడియాటెక్. దాని కిందే కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్ అని ఉందా (కెర్నల్ అంటే లైనక్స్‌కి గుండెకాయ లాంటి భాగం), లేక కెర్నల్ మాడ్యూల్స్ అని మాత్రమే ఉందా చూడండి, ఈ రెండిటికీ చాలా తేడా. మొదటిది ఉంటే డ్రైవరు పనిలో ఉన్నట్టు, రెండోది మాత్రమే ఉంటే డ్రైవరు ఇంట్లో ఉంది కానీ డ్యూటీ ఎక్కలేదని.

తర్వాత ఆర్ ఎఫ్ కె ఐ ఎల్ ఎల్, స్పేస్, ఎల్ ఐ ఎస్ టీ కొట్టండి. అందులో వైర్‌లెస్ ల్యాన్ అని ఉంటే సాఫ్ట్ బ్లాక్డ్, హార్డ్ బ్లాక్డ్ ఎదురుగా ఎస్ అనో నో అనో ఉంటుంది. సాఫ్ట్ అయితే కమాండుతో తీసేయొచ్చు, హార్డ్ అయితే బటనో స్విచ్చో, లేదా లాప్‌టాప్ ఆన్ కాగానే ముందు నడిచే బయోసో ఆపినట్టు.

చివరగా ఎమ్ ఓ కె యూ టీ ఐ ఎల్, స్పేస్, మైనస్ గుర్తు రెండుసార్లు, ఎస్ బీ, మళ్లీ ఒక మైనస్, ఎస్ టీ ఏ టీ ఈ. సెక్యూర్ బూట్ ఎనేబుల్డ్ అనో డిజేబుల్డ్ అనో వస్తుంది.

ఈ మూడూ ఏమీ మార్చవు, చూపించడం వరకే, కాబట్టి ధైర్యంగా కొట్టండి. ఇంకోటి, డ్రైవర్ మేనేజర్‌లో ఎక్కించాను అన్నారు, ఎక్కించేటప్పుడు గానీ రీస్టార్ట్ అయ్యేటప్పుడు గానీ ఏమైనా అడిగిందా? గుర్తు తెచ్చుకుని రాయండి, చిన్నదైనా సరే.

సిద్దిపేట_ట్యూషన్

బాబాయ్ గారూ చాలా థాంక్స్ అండి, ఇంత వివరంగ ఎవ్వరూ చెప్పలే. మూడూ కొట్టిన.

మొదటిదాంట్ల నెట్‌వర్క్ కంట్రోలర్, బ్రాడ్‌కామ్, బీసీఎం43142, చివరికి 14ఈ4, రెండు చుక్కలు, 4365 అని ఉన్నది. డ్రైవర్ ఇన్ యూజ్ అన్న లైన్ లేదు. మీరు చెప్పినట్టు కెర్నల్ మాడ్యూల్స్ ఉన్నది, దాని ముంగట డబ్ల్యూఎల్ అని రెండే అక్షరాలు. రెండోదాంట్ల బ్లూటూత్ ఒక్కటే చూపెట్టింది, రెండిట్ల నో అనే ఉన్నది, వైర్‌లెస్ ల్యాన్ పేరే లేదు. మూడోది సెక్యూర్ బూట్ ఎనేబుల్డ్.

మీరు అడిగినంక గుర్తొచ్చింది. డ్రైవర్ ఎక్కుతున్నప్పుడు మధ్యల ఒక డబ్బా వచ్చి సెక్యూర్ బూట్ అని పెద్ద పేరా రాసి పాస్‌వర్డ్ పెట్టమన్నది, ఎందుకో అర్థం కాలే, ఎనిమిది అంకెలు కొట్టిన. రీస్టార్ట్ చేస్తే మింట్ బొమ్మ రాకముందే స్క్రీన్ మొత్తం నీలం అయింది, అంత ఇంగ్లీషు, పది, తొమ్మిది, ఎనిమిది అని లెక్క తగ్గుకుంట వస్తున్నది. నాకు భయమైంది, వైరస్ పడ్డదేమో డిస్క్ అంత పోతుందేమో అనుకున్న. ఏదో బటన్ నొక్కిన, నాలుగు లైన్లు వచ్చినయి, అన్నిటికంటే మీద కంటిన్యూ బూట్ అని ఉంటే ఎంటర్ కొట్టిన. మింట్ మామూలుగనే ఆన్ అయింది, పోనీలే గండం గడిచిందనుకున్న. తర్వాత మల్ల ఎప్పుడూ రాలే ఆ నీలం స్క్రీన్. అదేనా కారణం?

టెర్మినల్_బాబాయ్

అదేనమ్మా. దొరికింది. మీ లాప్‌టాప్‌కి ఏ జబ్బూ లేదు, డ్రైవరు కూడా సరైనదే ఎక్కింది, ఆ నీలం స్క్రీన్ దగ్గర ఒక్క పని మిగిలిపోయింది అంతే.

సంగతేంటంటే, బీసీఎం43142కి పనిచేసే డ్రైవరు ఆ డబ్ల్యూఎల్ ఒక్కటే. బీ43 అనేది వేరే పాత బ్రాడ్‌కామ్ చిప్‌లకి పనికొస్తుంది, దీనికి కాదు, అందుకే ఆ వీడియో చూసి చేసింది ఫలించలేదు, ఆ వీడియో చేసినవాళ్లకి వేరే చిప్ ఉండి ఉంటుంది. ఈ డబ్ల్యూఎల్ సోర్సు పూర్తిగా బయటికి ఇవ్వలేదు కాబట్టి లైనక్స్ కెర్నల్‌తో కలిపి ఇవ్వరు, విడిగా వస్తుంది, మీ మిషన్‌లోనే మీ కెర్నల్‌కి తగ్గట్టు తయారవుతుంది. ఆ పని చేసేదాన్ని డీకేఎంఎస్ అంటారు.

ఇక్కడే సెక్యూర్ బూట్ అడ్డమొస్తుంది. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే, తెలిసిన సంతకం ఉన్న డ్రైవర్లనే కెర్నల్ లోపలికి రానిస్తుంది. మీ ఇంట్లో తయారైన డ్రైవరు మీద మీ మిషన్ సొంత సంతకం ఉంది, కానీ ఆ సంతకం ఎవరిదో పైవాళ్లకి తెలియదు. ఓటేయడానికి వెళ్లామనుకోండి, మనిషి ఊరివాడే, చేతిలో కార్డు ఉంది, బూత్‌లో లిస్టులో మాత్రం పేరు లేదు, అప్పుడు లోపలికి పంపరు కదా. ఆ నీలం స్క్రీన్ లిస్టులో పేరు ఎక్కించడానికి వచ్చింది. ఎన్‌రోల్ ఎంఓకే అనే లైను అదే, ఎంఓకే అంటే మిషన్ ఓనర్ కీ, మిషన్ సొంతదారు సంతకం. మీరు కంటిన్యూ బూట్ నొక్కారు కాబట్టి పేరు ఎక్కలేదు, పైగా ఆ దరఖాస్తు ఒక్కసారికే, దాటేస్తే మళ్లీ తనంతట తాను రాదు. కొత్తవాళ్లలో చాలామంది అక్కడే దాటేస్తారు, ఆ స్క్రీన్ చూస్తే ఎవరికైనా భయమే వేస్తుంది.

ముందు నిర్ధారణ చేసుకుందాం. ఎస్ యూ డీ ఓ, స్పేస్, ఎమ్ ఓ డీ పీ ఆర్ ఓ బీ ఈ, స్పేస్, డబ్ల్యూ ఎల్. చివరిది ఎల్ అక్షరం, ఒకటి అంకె కాదు. మీ పాస్‌వర్డ్ అడుగుతుంది, కొట్టేటప్పుడు స్క్రీన్ మీద చుక్క కూడా పడదు, అయినా ఎక్కుతూనే ఉంటుంది, పూర్తిగా కొట్టి ఎంటర్ నొక్కండి. కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్ అని వస్తే నేను చెప్పిందే ఖాయం.

అప్పుడు మళ్లీ దరఖాస్తు పెట్టాలి. ఎస్ యూ డీ ఓ, స్పేస్, ఎమ్ ఓ కె యూ టీ ఐ ఎల్, స్పేస్, రెండు మైనస్‌లు, ఐ ఎమ్ పీ ఓ ఆర్ టీ, స్పేస్, ఇక్కడి నుంచి స్పేస్ లేకుండా స్లాష్, వీ ఏ ఆర్, స్లాష్, ఎల్ ఐ బీ, స్లాష్, ఎస్ హెచ్ ఐ ఎమ్, మైనస్, ఎస్ ఐ జీ ఎన్ ఈ డీ, స్లాష్, ఎమ్ ఓ కె, స్లాష్, మళ్లీ ఎమ్ ఓ కె కానీ ఈసారి మూడూ పెద్ద అక్షరాలు, చుక్క, డీ ఈ ఆర్. ఈ ఒక్క చోటే పెద్ద అక్షరాలు. కొత్త పాస్‌వర్డ్ రెండుసార్లు అడుగుతుంది, ఇది మీ లాగిన్ పాస్‌వర్డ్ కానక్కర్లేదు, ఒక్కసారి వాడి మర్చిపోయేదే, ఎనిమిది అంకెలు పెట్టి కాగితం మీద రాసుకోండి.

ఇప్పుడు రీస్టార్ట్ చేసి అక్కడే కూర్చోండి, వంటింట్లోకి వెళ్లొద్దు, పది సెకన్లే టైము. నీలం స్క్రీన్ రాగానే ఏదో ఒక బటన్ నొక్కండి. నాలుగు లైన్లలో కింది బాణం బటన్‌తో రెండోదానికి, ఎన్‌రోల్ ఎంఓకేకి దిగండి, ఎంటర్. తర్వాత వ్యూ కీ జీరో, కంటిన్యూ అని రెండు వస్తాయి, కంటిన్యూకి వెళ్లి ఎంటర్. ఎన్‌రోల్ చెయ్యనా అని అడుగుతుంది, మొదట నో మీద ఉంటుంది, ఎస్‌కి దిగి ఎంటర్. అప్పుడు ఆ ఎనిమిది అంకెలు అడుగుతుంది, కుడి పక్క నంబర్ ప్యాడ్ వాడకండి, అక్షరాల పైన ఉన్న వరసలోవి నొక్కండి. చివరికి రీబూట్. అంతే.

బీ43ది అలాగే ఉన్నా ఏమీ చెయ్యదు, ఇబ్బంది లేదు, తర్వాత తీరిగ్గా తీసేయొచ్చు.

హనుమకొండ_సర్వీస్

అక్కా, బాబాయ్ చెప్పింది కరెక్టే గాని ఇంకో దగ్గరి దారి ఉన్నది. బయోస్‌లకు పోయి సెక్యూర్ బూట్ డిజేబుల్ చేసి ఎఫ్10 కొట్టి సేవ్ చేస్తే అయిపాయె, ఆ కమాండ్ల పనే లేదు, డ్రైవర్ అప్పటికే ఎక్కి ఉన్నది కాబట్టి నెక్స్ట్ బూట్‌ల వైఫై వస్తది. నేను రిపేర్ చేసే దగ్గర రోజుకు ఒకటన్న ఇట్లనే చేస్త. విండోస్ కూడ ఉన్న లాప్‌టాప్ అయితే మాత్రం చూసుకొని చెయ్యాలె, బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కు వేసే తాళం) ఆన్ ఉంటే సెక్యూర్ బూట్ మార్చంగనే 48 అంకెల రికవరీ కీ అడుగుతది, అది దగ్గర లేకపోతే ఫైళ్లు తెరుచుకోవు. పోయిన నెల ఒక పిల్లగాడు ఇంట్ల తనంత తనే మార్చుకొని ఏడ్చుకుంట వచ్చిండు, ఆ కీ వాళ్ల నాన్న మైక్రోసాఫ్ట్ అకౌంట్‌ల దొరికింది కాబట్టి బతికిపోయిండు. అక్క దాంట్ల విండోస్ లేదన్నది కాబట్టి ఆ భయం లేదు.

ఇంకోటి, ఇప్పుడు కాదు గాని ముందు ముందు కార్డు మార్చాలనుకుంటే చెప్తున్నా. వెనక మూత తీస్తే చిన్న కార్డు మీద రెండు సన్న వైర్లు, చాలా వాటిల ఒకటి నల్లది ఒకటి తెల్లది, గుండీ లెక్క నొక్కి పెట్టి ఉంటయి, అవే యాంటెన్నాలు, స్క్రీన్ అంచుల దాకా పోతయి. ఈ 43142 ఉన్న లాప్‌టాప్‌లల్ల కొన్నిట్ల ఒకటే వైర్ ఉంటది. కార్డు సైజు కూడ రెండు రకాలు, ఆ ఏళ్లల్ల కొన్నిట్ల హాఫ్ మినీ కార్డు, కొన్నిట్ల ఎం.2, తెరిచి చూడకుండ ఆర్డర్ పెట్టొద్దు. ఎం.2 అయితే ఇంటెల్ ఏఎక్స్200 గాని ఏఎక్స్210 గాని తీసుకోవాలె, ఏఎక్స్201, ఏఎక్స్211 అని దగ్గరి నంబర్లతోని ఉంటయి, అవి ఇంటెల్ కొత్త ప్రాసెసర్లతోనే పని చేస్తయి, పాత బోర్డ్‌ల పెడితే గుర్తే పట్టవు. ఒక్క అంకె తేడాతోని డబ్బులు పోగొట్టుకున్నోళ్లను చూసిన. కొన్ని కంపెనీల పాత బయోస్‌లల్ల ఇంకో లొల్లి, వాళ్ల లిస్టుల లేని కార్డు పెడితే ఆన్ అయ్యేటప్పుడే ఎర్రర్ చూపెట్టి ఆగిపోతది.

టెర్మినల్_బాబాయ్

తమ్ముడూ, బయోస్‌లో ఆపడం తప్పని నేను అనను, పనవుతుంది. కానీ ఆవిడ ఇంకో పదేళ్లు లైనక్స్ వాడతారనుకుంటే, ఆ నీలం స్క్రీన్ అంటే ఏమిటో ఒకసారి తెలిసిపోవాలని నా కోరిక. తాళం ఉన్న తలుపుకి తాళం చెవి చేయించుకోవడం ఒకటి, తాళమే తీసేయడం ఒకటి. కార్డుల గురించి నువ్వు రాసింది మాత్రం బంగారం, ముఖ్యంగా ఆ 200కి 201కి తేడా, నేను కూడా ఒకసారి కొనబోయి ఆగాను.

పాలకొల్లు_కుర్రోడు

మధ్యలో దూరుతున్నందుకు సారీ అండి, పైన డాంగిల్ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా, నేను అలాగే పేరు లేని డాంగిల్ ఒకటి కొనేశాను, పెట్టగానే వస్తుందని బాక్సు మీద ఉంది, మింట్ 21లో పెడితే వైఫై రాలేదు గానీ డెస్క్‌టాప్ మీద సీడీ బొమ్మ వస్తోంది, తెరిస్తే విండోస్ సెటప్ ఫైలు ఉంది. పాడైందా ఇది? వెనక్కిచ్చేద్దామంటే గడువు అయిపోయింది.

హనుమకొండ_సర్వీస్

పాడు కాలే తమ్మీ. అవి అట్లనే చేస్తరు, విండోసోళ్లకు డ్రైవర్ అందులనే పెట్టి మొదట సీడీ లెక్క కనపడేటట్టు. ఆ సీడీ బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి ఎజెక్ట్ కొట్టు, చాలా వాటికి వెంటనే సీడీ మాయమై వైఫై కార్డ్ లెక్క మారుతది. రోజూ చేతితోని చెయ్యొద్దంటే యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అని ప్యాకేజీ ఉంటది, అది ఎక్కించి పెట్టుకో. మారినంక ఎల్ ఎస్ యూ ఎస్ బీ కమాండ్ కొట్టి నంబర్ చూడు. 0బీడీఏ, సీ811 ఉంటే రియల్‌టెక్ 8811సీయూ, దానికి కెర్నల్ 6.2 నుంచి లోపలనే డ్రైవర్ ఉన్నది, నీ మింట్ 21ల పాత 5.15 ఉండొచ్చు. అప్‌డేట్ మేనేజర్‌ల వ్యూ, లైనక్స్ కెర్నల్స్‌ల పోయి 6.8 ఎక్కించుకో, ఎవరి గిట్‌హబ్ నుంచో తెచ్చి కంపైల్ చేసుడు అక్కర్లేదు. వేరే నంబర్ వస్తే ఇక్కడ కాదు కొత్త పోస్ట్ పెట్టు, అక్కది కలిసిపోతది.

సిద్దిపేట_ట్యూషన్

వచ్చింది!! బాబాయ్ గారూ వచ్చింది!!

ముందు డబ్ల్యూఎల్ కమాండ్ కొడితే మీరు చెప్పిన మాటే అక్షరం పొల్లు పోకుండ వచ్చింది, కీ వాజ్ రిజెక్టెడ్ అని. అది చూసి నాకు సగం ధైర్యం వచ్చింది, కారణం దొరికిందని. పెద్ద కమాండ్ మూడుసార్లు తప్పు కొట్టిన, ఒకసారి పెద్ద అక్షరాలు మర్చిపోయిన, ఒకసారి స్లాష్ ఉల్టా పెట్టిన. నాలుగోసారి పాస్‌వర్డ్ అడిగింది. రీస్టార్ట్ చేసి కుర్చీల కూసున్న, మా చిన్నోన్ని పక్కకు నిలబెట్టి కాగితం పట్టుకొమ్మన్న, వాడు ఒక్కొక్క అంకె చదివితే నేను ఒక్కొక్కటి నొక్కిన, స్క్రీన్ మీద ఏమి కనపడకపాయె. రీబూట్ కొట్టినంక మింట్ వచ్చేదాక ఊపిరి బిగబట్టుకొని ఉన్నం ఇద్దరం. ఆ బటన్ మీద లైట్ నారింజ నుంచి తెల్లగయింది, దాన్ని వాడే ముందు చూసిండు, అమ్మా తెల్లగయింది అని అరిచిండు. కింద నొక్కితే పక్కింటోళ్లవి, ఎదురింటోళ్లవి, మావి, తొమ్మిది పేర్లు వచ్చినయి. ఇది ఇప్పుడు లాప్‌టాప్ నుంచే రాస్తున్నా, వైఫై మీదనే.

రెండు డౌట్లు. మా ఇంట్ల ఫైబర్ రౌటర్‌కు రెండు పేర్లు ఉన్నయి, ఒకటి మామూలుది, ఒకటి చివరికి 5జీ అని. ఫోన్‌ల రెండూ కనపడతయి, లాప్‌టాప్‌ల 5జీది కనపడదు. ఇంకా ఏమన్న ఎక్కించాల్నా? రెండోది, పది నిమిషాలు ముట్టుకోకుండ పెడితే నెట్ ఆగినట్టయి మల్ల వస్తది, వీడియో మధ్యల తిరుగుకుంట ఉంటది.

టెర్మినల్_బాబాయ్

చాలా సంతోషం అమ్మా, మీ అబ్బాయికి కూడా చెప్పండి.

5జీది ఎప్పటికీ కనపడదు, అది డ్రైవరు లోపం కాదు. 43142 అనేది 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టే చిప్, విండోస్ ఉన్నప్పుడు కూడా కనపడి ఉండదు. రౌటర్ మీద ఆ 5జీ అంటే 5 గిగాహెర్ట్జ్, ఫోన్‌లో 5జీ సిమ్‌కి దీనికి సంబంధం లేదు. మామూలు పేరుకి కలిపి వాడుకోండి, లెక్కల వీడియోలకి అది చాలు. ఒకవేళ ఎప్పుడైనా రౌటర్ వాళ్లు వచ్చి రెండు పేర్లూ కలిపేస్తాం అంటే 2.4 ఆపెయ్యొద్దని మాత్రం చెప్పండి.

ఆగి ఆగి రావడం పవర్ సేవింగ్ వల్ల అయ్యుండొచ్చు, బ్యాటరీ మిగలడానికి కార్డుని మధ్య మధ్యలో నిద్రపుచ్చుతుంది, ఈ చిప్ నిద్ర లేవడానికి కొంచెం బద్ధకిస్తుంది. ఈటీసీ ఫోల్డర్‌లో నెట్‌వర్క్‌మేనేజర్, దానిలో కాన్ఫ్ డాట్ డీ, అందులో డిఫాల్ట్ వైఫై పవర్‌సేవ్ ఆన్ అనే ఫైలు ఉంటుంది. ఫైల్ మేనేజర్‌లో ఆ ఫోల్డర్ దాకా వెళ్లి ఖాళీ జాగాలో రైట్ క్లిక్ చేస్తే రూట్‌గా తెరవమనే ఆప్షన్ వస్తుంది. ఫైలులో ఉండేది రెండు లైన్లే, వైఫై డాట్ పవర్‌సేవ్ ఎదురుగా 3 అని ఉంటుంది, దాన్ని 2 చేసి సేవ్ చేసి రీస్టార్ట్ చెయ్యండి. 3 అంటే నిద్రపుచ్చు, 2 అంటే వద్దు.

ఇంకొకటి జాగ్రత్తగా వినండి, మీకు ముందు ముందు పనికొస్తుంది. ఈ డబ్ల్యూఎల్ డ్రైవరుకి తయారుచేసినవాళ్ల నుంచి చివరి వెర్షన్ వచ్చింది 2015లో. ఆ తర్వాత వచ్చిన కెర్నల్స్ అన్నిటికీ ఉబుంటు, డెబియన్ వాళ్లే అతుకులు వేసి నడిపిస్తున్నారు, వాళ్ల చలవే ఇది. అందుకని ఎప్పుడైనా కెర్నల్ అప్‌డేట్ అయిన రోజు వైఫై పోతే భయపడకండి, మళ్లీ నీలం స్క్రీన్ పని కూడా ఉండదు, సంతకం ఒకసారి ఎక్కితే ఎక్కినట్టే. రీస్టార్ట్ చేసి లాప్‌టాప్ పేరు కనపడుతుండగా ఎస్కేప్ నొక్కండి, ఒక మెనూ వస్తుంది, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ముందటి కెర్నల్ ఉంటుంది, దానితో తెరిస్తే వైఫై ఎప్పటిలాగే ఉంటుంది. కొత్తదానికి అతుకు వచ్చేదాకా పాతదానిలో ఉండండి. పాత కెర్నల్ కనీసం ఒకటైనా తీసెయ్యకుండా ఉంచుకోండి, జాగా లేదని తుడిచెయ్యొద్దు. లైనక్స్ హెడర్స్ జనరిక్ అనే ప్యాకేజీ కూడా ఉండాలి, మింట్‌లో మామూలుగా ఉంటుంది, సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఒకసారి చూసుకోండి. అది లేకపోతే కొత్త కెర్నల్‌కి డ్రైవరు తయారవ్వదు.

సిద్దిపేట_ట్యూషన్

3 తీసి 2 పెట్టిన, నిన్న సాయంత్రం గంటన్నర నడిచింది, ఒక్కసారి కూడ ఆగలే. పిల్లలకు త్రికోణమితి వీడియో పెద్దగ చూపెట్టిన, అందరూ ఒక్కసారే చూసిన్రు. హెడర్స్ ఉన్నయి, చూసిన. ఆ ఎస్కేప్ సంగతి, పాత కెర్నల్ సంగతి నోట్‌బుక్‌ల రాసి పెట్టుకున్న, చిప్ నంబర్ కూడ మీదనే రాసిన.

హనుమకొండ అన్నా, మూత నేనిప్పుడే తియ్య, కార్డు మంచిగ నడిచినంత కాలం ఇదే నడిపిస్త. బాబాయ్ గారూ, మా తమ్మునికి ఫోన్ చేసి చెప్పిన, వాని దగ్గర ఇంకో పాత లాప్‌టాప్ ఉన్నదట, అందుల ఏ కార్డు ఉన్నదో చూద్దామని ఆదివారం తెస్తా అన్నడు. ఆ నంబర్ కొత్త పోస్ట్‌ల పెడతా.